లెక్క తెలిసిన సేనాని



ఈ రజతోత్సవ సందర్భమున నాయకత్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నాయకుడనగానే మన మనస్సులు కురుక్షేత్రమునకో, లంకకో పరుగెత్తును. ఆ గ్రంథములు నాకును ప్రాణప్రదములే. గురుముఖమున గాక, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని రాత్రివేళల చదువుకొన్నవాడను. అయినను నేడు ఆకాశయుద్ధమునుండి ఒక కథను తెచ్చితిని. ఇది వృత్తిదోషమని మీరనుకొనవచ్చును. నేను లెక్కలు వ్రాయువాడను. ఈ కథలోని సేనానియు లెక్క తప్పకుండుటవలననే గెలిచెను.

ఆయన పేరు హ్యూ డౌడింగ్. 1882లో స్కాట్లండులోని మోఫట్ అను ఊర జన్మించెను. 1936 జూలైలో బ్రిటిష్ వాయుసేనయందు క్రొత్తగా ఏర్పడిన ఫైటర్ కమాండునకు, అనగా శత్రువుల బాంబరు విమానములను ఆకాశముననే ఎదిరించు విభాగమునకు, మొదటి అధిపతి యయ్యెను. మితభాషి, ముభావి. తోడివారు చాటున "స్టఫీ" అని పేరు పెట్టిరి. అనగా కలివిడి లేని మనిషి అని. నాయకుడనగా ఉపన్యాసకుడని జనులు భ్రమపడుచున్న కాలమున ఈ సంగతి గమనింపదగినది. ఉపన్యాసమిచ్చుచు నేనే ఈ మాట యనుట వింతగా నుండవచ్చును గాని, ఉన్నమాట అదియే.

1940 మే 10వ తేదీన జర్మను సేనలు పశ్చిమదిశగా దండెత్తినవి. ఫ్రాన్సు కూలిపోవుచుండెను. ఇంకను యుద్ధవిమానములు పంపుడని ఫ్రెంచి ప్రభుత్వము మొఱపెట్టుకొనెను. అప్పటికే పంపిన హరికేన్ విమానములు ఎండకు మంచు కరగినట్లు కరగిపోవుచున్నవి. చర్చిల్ ప్రధానియై వారము కాలేదు. మిత్రుని చేయి విడువరాదని ఆయన ఆరాటము. మే 15వ తేదీన డౌడింగ్ మంత్రివర్గ సమావేశమునకు పోయి, పంపవలదని తన వాదము వినిపించెను. అంతటితో ఊరకొనలేదు. మరునాడు వాయుసేనా శాఖకు ఒక లేఖ వ్రాసెను.

ఆ లేఖలోని సారము నా వంటివానికి మిక్కిలి ఇష్టమైనది. స్వదేశరక్షణకు 52 స్క్వాడ్రనులు కావలెనని పూర్వము మీరే అంచనా వేసితిరి. నేడు నా చేత మిగిలినవి 36కు సమానమైన బలము మాత్రమే. ఎన్ని ఉండి తీరవలెనో అంకె తేల్చి చెప్పుడు. ఆ అంకె నిర్ణయమైన పిదప, ఫ్రాన్సునుండి ఎంత ఒత్తిడి వచ్చినను అందుండి ఒక్కటియు కదలదని నాకు మాట యిండు. ఉన్నదంతయు అచ్చట ధారపోసిన యెడల, ఫ్రాన్సు ఓటమితోపాటు ఈ దేశమునకును మరల లేవరాని ఓటమి కలుగును. ఆయన చెప్పినదింతే. ఆవేశము లేదు, అలంకారము లేదు.

మారీచుడును రావణునకు హితమే చెప్పెను. కాని ప్రభువు కన్నెఱ్ఱ చేయగానే మాయలేడియై ముందు నడిచెను. డౌడింగ్ నడువలేదు. నోటిమాట గాలికి పోవును. కాగితముపై అంకెగా నిలిచిన మాటను త్రోసివేయుటకు త్రోసివేయువాడు తన చేవ్రాలు పెట్టవలసి వచ్చును. చర్చిల్ ఆ 16వ తేదీననే ప్యారిసునకు పోయి మరికొంత సాయమునకు వాగ్దానము చేసినను, ఆ స్క్వాడ్రనులు ఇంగ్లండునందే కాపురముండి పగలు మాత్రము సముద్రము దాటి పోరాడునట్లు ఏర్పాటైనది. కొలది దినములలో ఫ్రాన్సునకు క్రొత్తగా పంపుట నిలిచిపోయెను. ఫ్రెంచివారి కంటికి ఇది స్వార్థముగా తోచెను. మునుగుచున్నవాడు తాడు విసరనివానిని నిందింపకుండునా? నేను వారిని తప్పుపట్టను. కాని కరవునాడు ఇంటిల్లిపాది ఆకలితో చూచుచుండగా విత్తనపు గాదెకు అడ్డము నిలుచు రైతును మనమెఱుగుదుము. ఆ పూట వానిని మెచ్చువారుండరు. ఏ గ్రామమునందైనను ఉత్సవము వచ్చినపుడు, గ్రంథములకై దాచిన సొమ్ములో కొంత తోరణములకు మళ్లింతమను మాట పుట్టుచునే యుండును. అప్పుడు వలదనువాని ముఖము ఎవ్వరికిని నచ్చదు. క్రొత్త కార్యవర్గమును ఎన్నుకొనునపుడు అట్టి ముఖము ఒక్కటైనను అందులో నుండునట్లు చూడుడని నా మనవి.

ఇక యుద్ధము. 1940 జూలై 10 మొదలు అక్టోబరు 31 వరకు జరిగినదానిని బ్రిటన్ సంగ్రామమందురు. డౌడింగ్ దీనికి నాలుగేండ్లుగా సన్నద్ధుడగుచుండెను. అంతకుముందు ఆయన వాయుసేనలో పరిశోధనల బాధ్యత వహించియుండెను. 1935 ఫిబ్రవరి 26వ తేదీన డావెంట్రీ అను ఊరి సమీపమున, రేడియో తరంగములు విమానమునకు తగిలి మరలివచ్చుటను వాట్సన్ వాట్ పరీక్షించి చూపెను. మనము రాడారు అనుచున్న సాధనమునకు అది ఆరంభము. సముద్రతీరమంతట రాడారు స్తంభములు లేచినవి. అయితే అవి సముద్రము వైపు చూచునవి. విమానము తీరము దాటి లోనికి వచ్చినచో వానికి కనబడదు. అచ్చటినుండి చూచువారెవరు? మనవంటి సామాన్యులే. తమ తమ వృత్తులు చేసికొనుచు, వంతులవారిగా పొలములలోను గుట్టలపైనను దుర్భిణి పట్టుకొని నిలిచిన పరిశీలక దళమువారు సుమారు 30,000 మంది. వచ్చుచున్న విమానములెన్ని, ఏ ఎత్తున, ఏ దిక్కునకు అని వారు టెలిఫోనున చెప్పుదురు. ఆ వార్తలన్నియు వడబోసి, బెంట్లీ ప్రయరీ అను భవనమున పెద్ద బల్లపై పఱచిన పటముమీద స్త్రీలు గుర్తులు జరుపుదురు. క్షణక్షణమునకు సరిచూడబడు చిట్టా పుస్తకమే యనుకొనుడు.

ఇంత సమాచారము తన బల్లపై నుండగా, ప్రతి ఆజ్ఞయు తానే యిత్తుననుట అధికారులకు సహజము. డౌడింగ్ అట్లు చేయలేదు. ఏ స్క్వాడ్రనును లేపవలెనో నిర్ణయించుట ఆ ప్రాంతపు గ్రూపు అధిపతి వంతు. రేడియోద్వారా దారి చూపుట సెక్టారు కేంద్రము వంతు. శత్రువు కంటబడిన క్షణమునుండి ఆజ్ఞ ఆకాశముననున్న దళనాయకునిది; వాడు ఇరువదేండ్ల కుఱ్ఱవాడైనను సరే. లండనుకు కవచమై నిలిచిన 11వ గ్రూపునకు న్యూజిలాండు దేశీయుడైన కీత్ పార్క్ అధిపతి. ఈయన స్వయముగా హరికేన్ నడుపుకొని విమానాశ్రయములకు పోయి, బాంబులు పడిన నేలను కన్నులార చూచి వచ్చెడివాడు. బిగ్గిన్ హిల్ కేంద్రముపై బాంబులు కురియుచుండగా టెలిఫోను విడువక పనిచేసిన స్త్రీలలో మార్టిమర్, హెండర్సన్, టర్నర్ అను మువ్వురికి సైనిక పతకములు లభించినవి.

ఈ సంగ్రామమున మన నేలపేరు మోసిన దళములును కలవు. 152వ స్క్వాడ్రను హైదరాబాదు పేర, 253వది హైదరాబాదు సంస్థానము పేర, 234, 264వవి మదరాసు రాజధాని పేర ప్రసిద్ధములు. వీనిలో 264వ దళము కథ దుఃఖకరము. వారికిచ్చిన డిఫయంట్ విమానమునకు నాలుగు తుపాకులు పైలటు వెనుక బురుజులో నుండును. ముందునకు కాల్చునది ఒక్కటియు లేదు. జూలై 19వ తేదీన అట్టి విమానములే గల 141వ దళమునుండి తొమ్మిది పోగా ఆరు కూలినవి. ఆగస్టు కడపటి వారమున 264వ దళమును ఘోరముగా నష్టపోయెను. అటుపిమ్మట డిఫయంట్లను పగటియుద్ధమునుండి తొలగించి రాత్రికాపలాకు మార్చిరి. మార్చుట మంచిదే. కాని జూలైకిని ఆగస్టునకును నడుమ పోయిన బాలురను తలచినపుడెల్ల నాకు అభిమన్యుడు జ్ఞప్తికి వచ్చును. వ్యూహమునుండి వెలువడు దారి వానికి తెలియదని ఎఱిగియు లోనికి పంపినవారు పెద్దలే కదా.

సెప్టెంబరు 15వ తేదీన జర్మనులు లండనుపై మహాదాడి చేసిరి. ఆ దినమున 185 శత్రువిమానములను కూల్చితిమని బ్రిటిషువారు ప్రకటించిరి. యుద్ధానంతరము జర్మను దస్తావేజులు చూడగా నిజమైన సంఖ్య 60కి కొంచె మిటునటుగా తేలెను. ఇందు మోసము లేదు. ఒకే విమానముపై ముగ్గురు కాల్చి, ముగ్గురును తామే కూల్చితిమని నమ్మిరి. జర్మనులును ఇట్లే పొరబడిరి, కాని వారి పొరబాటు ప్రాణాంతకమైనది. బ్రిటిషు యుద్ధవిమానములు దాదాపు అడుగంటినవని వారి లెక్క. అందుచేతనే ఆ దినమున దళముపై దళము ఎదురురాగా విస్తుపోయిరి. డౌడింగ్ తన వద్ద ఎన్ని విమానములు, ఎందఱు పైలటులు మిగిలిరో దినదినము చూచుకొనుచుండెను. కూల్చితిమన్న అంకెలపై యుద్ధము నడుపలేదు. రావలసిన బాకీని చేతిలోని రొక్కమని వ్రాసికొనువాడు ఎట్లు చెడునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఆ లెక్కలో ఒక అంకె ఆయన కన్నకొడుకు. డెరెక్ డౌడింగ్ 74వ స్క్వాడ్రనున పైలటు. అతడు బ్రతికి బయటపడెను. పోరాడిన సుమారు 3,000 మందిలో 544 మంది ఆ నాలుగు మాసములలో ప్రాణములు విడిచిరి. పైలటుల ముందు తుపాకిగుండు దూరని అద్దములుండవలెనని డౌడింగ్ మొదట అడిగినపుడు అధికారులు నవ్విరట. చికాగో దొంగల కారులకు అట్టి అద్దములుండగా నా పైలటులకు ఏల ఉండరాదని ఆయన బదులడిగెనట. అద్దములు వచ్చినవి.

ఆయనయందు లోపము లేదనను. ఉత్తరపు 12వ గ్రూపు అధిపతియైన లీ మాలరీ, అనేక స్క్వాడ్రనులను ఒక్కటిగా కూర్చి పంపవలెననెను. అంత సమయము లేదని, ఉన్నవానిని వెంటనే పంపవలెనని పార్క్ వాదము. నేను పార్క్ పక్షమే. కాని ఇరువురి కలహము వేసవియంతయు రగులుచుండగా, పైవాడైన డౌడింగ్ పిలిచి తేల్చలేదు. తన క్రిందివారు తమంతట తామే చక్కబడుదురని తలచెను కాబోలు. అక్టోబరు 17వ తేదీన లండనులో జరిగిన సమావేశమున ఆ తగవే వారిరువురికిని ఎదురుతిరిగెను. నవంబరు మాసాంతమునకు డౌడింగ్ పదవినుండి తొలగింపబడెను. డిసెంబరులో పార్క్ శిక్షణ విభాగమునకు మార్చబడెను. మాల్టా ద్వీపము ఆపదలో నున్నపుడు 1942లో మరల ఆయననే పిలిచిరి.

1941లో బ్రిటిషు ప్రభుత్వము ఆ సంగ్రామమును గూర్చి ఒక చిన్న పుస్తకమును అచ్చువేయించెను. అందులో డౌడింగ్ పేరు ఒక్కచోటనైనను లేదు. ఆయన 1970లో మరణించెను. లండనులో వాయుసేనవారి చర్చి ముందు ఆయన విగ్రహము నిలుచుటకు 1988 వరకు పట్టెను.