పరదేశి గుమ్మం దగ్గర కావలి ఎవరు?

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. పగటిని శ్రమకూ, రాత్రిని విశ్రాంతికీ ఏర్పరచినవాడు ఆయనే. వెలుగులో మనం చేసేదీ, చీకటిలో దాచుకునేదీ ఆయనకు సమానంగా తెలుసు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన పెద్దలారా! ప్రియమైన యువ సోదరులారా! అన్నింటికన్నా ముందు నాకూ, మీకూ దైవభీతిని గురించి హితవు చెప్పుకుంటున్నాను. మనిషి ఊరు మారవచ్చు, దేశం మారవచ్చు, అతణ్ణి ఎరిగినవారందరూ దూరం కావచ్చు. కాని అతని ప్రభువు మాత్రం అతనికి దూరం కాడు.

ఈ రోజు మన వీధుల్లో బిడ్డలను పరదేశం పంపని ఇల్లు వెతికితే కష్టంగా దొరుకుతుంది. గల్ఫ్ దేశాల గురించి ఈ మింబర్ మీద నుంచి పలుమార్లు మాట్లాడుకున్నాం. నేడు సింగపూరును ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే యౌవనంలో కొన్నేళ్లు నేను అక్కడ విద్యుత్ పనిచేసి పొట్ట పోసుకున్నాను. విన్నది కాదు, చూసింది చెబుతాను. నా తప్పు కూడా ఒకటి చెబుతాను.

సోదరులారా! అక్కడి గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మనం ఇక్కడ ఇషా ముగించుకుని రాత్రి 8 గంటలకు భోజనానికి కూర్చునే వేళకు అక్కడ 10.30 అవుతుంది. ఇక్కడి నుంచి తల్లి ఫోన్ చేసి, "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది. "తిన్నానమ్మీ, పడుకోబోతున్నాను" అని కొడుకు జవాబిస్తాడు. ఆ మాట నిజమా, కాదా? ఆ ఫోన్ గది లోపలి నుంచి వచ్చిందా, మరో చోటి నుంచి వచ్చిందా? ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ కొడుకు, మరొకరు అల్లాహ్.

ఆ యువకుని పగలు ఎలా గడుస్తుందో ముందు తెలుసుకుందాం. పగటి అలసట తెలియనివారు రాత్రి బలహీనతను అర్థం చేసుకోలేరు. కట్టడాలలో పనిచేసే కుర్రవాడు చీకటితోనే లేస్తాడు. లారీ వెనుక భాగంలో తోటివారితో కూర్చుని పనిచోటికి చేరతాడు. తెల్లవారక ముందే వండి కట్టిన అన్నం పొట్లాన్ని మధ్యాహ్నం విప్పుకుంటాడు. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కాబట్టి అక్కడ ఏడాది పొడవునా ఒకే ఎండ, ఒకే ఉక్క. మగ్రిబ్ కూడా ఏడాదంతా ఇంచుమించు ఏడు గంటలకే. కార్యాలయాల్లో కంప్యూటర్ల ముందు పనిచేసేవారికి ఎండ లేదు గాని ఒంటరితనం తప్పదు. సాయంత్రం గదికి చేరితే పేరు పెట్టి పిలిచేవారు ఉండరు. పలకరించే పొరుగువారు ఉండరు. చేతిలో జీతం ఉంటుంది. ముందు రాత్రి ఉంటుంది.

ఆ రాత్రి అక్కడ ఎంత వెలుగుతో వస్తుందో! సింగపూరు నది ఒడ్డున క్లార్క్ కీ అనే చోటు ఉంది. ఒకప్పుడు అక్కడివి పడవల సరకు దించుకునే గోదాములు. నేడు వాటిలో మద్యశాలలు, సంగీతం, నృత్యం. మెరీనా తీరంలోనూ, సెంటోసా ద్వీపంలోనూ 2010లో రెండు పెద్ద జూదగృహాలు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక విషయాన్ని శ్రద్ధగా వినండి. ఆ దేశ పౌరుడు గాని, శాశ్వత నివాసి గాని ఆ జూదగృహంలో అడుగుపెట్టాలంటే ప్రవేశ రుసుము కట్టాలి. మొదట అది రోజుకు 100 డాలర్లు. 2019 నుంచి 150 డాలర్లు. పరదేశి మాత్రం పాస్‌పోర్టు చూపి రుసుము లేకుండానే లోపలికి వెళ్లవచ్చు.

దీని అర్థం ఏమిటి? జూదం కుటుంబాలను కూలుస్తుందని ఆ పాలకులకు తెలుసు. అందుకే తమ బిడ్డల గుమ్మం దగ్గర ఒక కావలి పెట్టుకున్నారు. వారిని నేను నిందించడం లేదు. ప్రతి ఇంటివారూ తమ పిల్లలను కాచుకుంటారు. నేను అడుగుతున్నది వేరే ప్రశ్న. మన బిడ్డ అక్కడ పరదేశి. అతని గుమ్మం దగ్గర కావలి ఎవరు?

చట్టం కావలి కాయగలదా? కొంతవరకు కాస్తుంది. 2013 డిసెంబరు 8, ఆదివారం రాత్రి లిటిల్ ఇండియా ప్రాంతంలో ఒక బస్సు కింద పడి భారతీయ కార్మికుడొకరు మరణించాడు. దాంతో అల్లర్లు చెలరేగి వాహనాలు తగలబడ్డాయి. ఆ పరిస్థితి విషమించడానికి మద్యం కూడా ఒక కారణమని విచారణ సంఘం తేల్చింది. 2015 ఏప్రిల్ నుంచి రాత్రి 10.30 మొదలు ఉదయం 7 గంటల వరకు బహిరంగ స్థలాల్లో మద్యపానాన్ని నిషేధించారు. ఆ వేళల్లో దుకాణాల అమ్మకాన్నీ ఆపారు. అయినా అనుమతి పొందిన మద్యశాలల తలుపులు ఆ తర్వాత కూడా తెరిచే ఉంటాయి. చట్టం వీధిని కాస్తుంది. హృదయాన్ని కాయడం దాని చేతిలో లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నా గదిలో మన జిల్లాకే చెందిన 24 ఏళ్ల యువకుడు ఉండేవాడు. నమాజు చదివేవాడు, నెమ్మదస్తుడు. జీతం అందిన ఒక శనివారం రాత్రి అతను చొక్కా మార్చుకుని, బూట్లు తొడుక్కుని, తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎక్కడికి వెళుతున్నాడో నాకు తెలుసు. అంతకు ముందు రోజే కొందరు అతనికి జూదగృహం గురించి ఊరించి చెప్పడం విన్నాను. నేను మెలకువగానే ఉన్నాను. అలసటతో, 'నాకెందుకులే' అన్న ఆలోచనతో కళ్లు మూసుకుని నిద్ర నటించాను. అతను వెళ్లిపోయాడు.

ఫజ్ర్ వేళ నేను వుజూ కోసం లేచేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నెల జీతం పోయింది. ఇక్కడ తండ్రి ఏజెంటు అప్పు వాయిదా కట్టాల్సిన నెల అది. అతను నాతో అన్న మాట ఇన్నేళ్లయినా నా చెవిలోనే ఉంది. "వెళ్లొద్దని నువ్వు ఒక్క మాట అంటావేమోనని తలుపు దగ్గర నిలబడ్డాను భాయ్" అన్నాడు.

సోదరులారా! ఆ రాత్రి అతని గుమ్మం దగ్గర కావలిగా అల్లాహ్ నన్ను ఉంచాడు. నేను నిద్ర నటించాను. అతని లెక్కతో పాటు నా నిద్ర లెక్క కూడా ప్రళయదినాన ఉంటుందని భయపడుతున్నాను.

పరదేశంలో ఒంటరి యువకుని కథను దివ్య ఖుర్ఆన్ మనకు ముందే చెప్పింది. యూసుఫ్ (అలైహిస్సలాం) తన ఇష్టంతో ఈజిప్టుకు వెళ్లలేదు. సోదరులు బావిలో పడవేశారు, బాటసారులు అమ్మేశారు. తండ్రి దూరం. పరిచయస్తుడు ఒక్కడూ లేడు. యౌవనం, సౌందర్యం ఉన్నాయి. యజమానురాలు తలుపులన్నీ మూసి పిలిచింది. ఆ చోట ఆయన తప్పు చేస్తే కనాన్‌లో ఎవరికి తెలుస్తుంది? ఆయన మాత్రం అల్లాహ్ శరణు వేడి తలుపు వైపు పరుగెత్తారు. చొక్కా చిరిగింది, చెరసాల ప్రాప్తించింది, అయినా శీలం నిలిచింది. బయట కావలి లేని చోట లోపలి కావలి ఎలా నిలుస్తుందో ఆ పరుగు చూపిస్తుంది. దాని పేరే తఖ్వా.

అయితే యూసుఫ్ (అలైహిస్సలాం) ప్రవక్త. మన బిడ్డలు సామాన్యులు. అందుకే వారికి లోపలి కావలితో పాటు పక్కన తోడు కూడా కావాలి. మక్కా నుంచి సర్వం వదిలి మదీనా చేరిన ముహాజిర్లను దైవప్రవక్త (స) వారి మానాన వారిని వదిలేయలేదు. ఒక్కొక్కరికీ ఒక అన్సారీ సోదరుణ్ణి జతచేశారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దీవించి, బజారుకు దారి చూపమన్నారు. ఇద్దరి ఔన్నత్యం చూడండి. ఒకరు తలుపు తెరిచారు, మరొకరు భారం కాకుండా శ్రమను ఎంచుకున్నారు. పరదేశి జీవితం ఈ రెండు కాళ్ల మీదనే నిలబడుతుంది.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక! ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం, ఆయన ప్రవక్తపై దరూద్, సలామ్.

సోదరులారా! సింగపూరు రాత్రికి మరో ముఖం కూడా ఉంది. అది చెప్పకపోతే న్యాయం కాదు. ఆ చిన్న దేశంలో సుమారు 70 మసీదులున్నాయి. మన కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన చూలియా ముస్లిములు 1826లోనే అక్కడ జామియా మసీదును నెలకొల్పారు. వారూ పరదేశులే, వారూ యువకులుగానే వెళ్లారు. కాంపోంగ్ గ్లామ్‌లోని సుల్తాన్ మసీదు నేటి కట్టడం 1932లో పూర్తయింది. దాని బంగారు గుమ్మటం కింది భాగంలో నల్లని పట్టీ ఒకటి కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అవి గాజు సీసాల అడుగులు. ధనం ఇవ్వలేని పేదలు సీసాలు సేకరించి ఇచ్చి ఆ నిర్మాణంలో పాలుపంచుకున్నారు. అదే నగరంలో అర్ధరాత్రి సీసా పట్టుకుని తూలేవాడూ ఉన్నాడు, సీసా ఇచ్చి మసీదు కట్టినవాడూ ఉన్నాడు. నగరం ఒక్కటే. ఎంపిక మనిషిది.

యువకులారా! సంతోషించవద్దని ఇస్లాం చెప్పదు. పండుగనాడు హబషీలు మసీదులోనే ఈటెల ఆట ఆడితే దైవప్రవక్త (స) వారించలేదు. ఆదివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డులో మిత్రులతో టీ తాగండి, మైదానంలో క్రికెట్ ఆడండి, నది ఒడ్డున నడవండి. కాని కొన్ని నియమాలు పెట్టుకోండి. గది వెతుక్కునేటప్పుడు అద్దెతో పాటు గదిలో ఉండేవారి నడవడిని కూడా చూడండి. ఇషాను వీలైనంతవరకు జమాఅత్‌తో చదవండి. ఇషా తర్వాత వ్యర్థ కాలక్షేపాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడలేదని గుర్తుంచుకోండి. జీతం అందిన రోజే ఇంటికి పంపవలసింది పంపి, పొదుపు పక్కన పెట్టి, కొంత దానం చేయండి. జీతం రోజు రాత్రి జేబు నిండుగా ఉన్నవాడి దగ్గరకే షైతాను ముందు వస్తాడు. తోటివాడు తలుపు దగ్గర నిలబడితే, దయచేసి నిద్ర నటించకండి. "ఎక్కడికి తమ్ముడూ? కూర్చో, టీ పెడతాను" అనండి. ఆ ఒక్క మాట ఒక కుటుంబాన్ని నిలబెట్టవచ్చు.

పెద్దలారా! ఇప్పుడు మన వంతు. మనం పిల్లల తల మీద అప్పు పెట్టి పంపుతాం. ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ "ఎంత పంపావు?" అని అడుగుతాం. "ఎలా ఉన్నావు? ఎవరితో ఉంటున్నావు? ఏ మసీదుకు వెళుతున్నావు?" అని ఎన్నిసార్లు అడిగాం? ఖలీఫా ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, భర్త దూరమైన ఒక స్త్రీ ఆవేదనను విన్నారని చరిత్రకారులు ఉల్లేఖించారు. ఆయన తన కుమార్తె హఫ్సా (రజి)ను సంప్రదించి, సైనికులను భార్యలకు దూరంగా కొన్ని నెలలకు మించి ఉంచరాదని ఆదేశించారు. యుద్ధకాలంలో ఒక పాలకుడు కుటుంబపు ఒంటరితనాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. మనం ఇంటి పై అంతస్తు కోసం పెళ్లైన కొడుకును ఏళ్ల తరబడి భార్యకు దూరం చేస్తున్నాం. ఆ పై అంతస్తు గురించి కూడా మనం జవాబు చెప్పుకోవాలి.

ఈ మసీదు కమిటీకి నాదొక మనవి. మన మొహల్లా నుంచి పరదేశం వెళ్లిన యువకుల పేర్ల జాబితా ఒకటి తయారుచేద్దాం. కొత్తగా వెళ్లే ప్రతివాణ్ణీ ఇప్పటికే అక్కడ ఉన్న ఒక నమ్మకస్తుడికి అప్పగిద్దాం. మదీనాలో జరిగిన సోదర బంధాన్ని ఫోన్ ద్వారానైనా నిలుపుదాం.

చివరిగా ఒక్క మాట. ఎవరైనా బిడ్డ తప్పటడుగు వేసి తిరిగి వస్తే అతని గాథను వీధిలో పరచకండి. దివ్య ఖుర్ఆన్ రాత్రిని వస్త్రంతో పోల్చింది. వస్త్రం కప్పేందుకే ఉంది. పాపం చేసేందుకు చీకటిని కప్పుకోకూడదు. పశ్చాత్తాపపడినవాని లోపాన్ని మాత్రం మనం కప్పాలి. ఆనాడు నా గదిలోని ఆ యువకుడు తౌబా చేసుకున్నాడు. గదిలోని వారందరం తలా కొంత వేసి అతని తండ్రి వాయిదా కట్టించాం. ఆ తర్వాత జీతం రోజు రాత్రి అతను ఒంటరిగా లేడు. మేము అతణ్ణి ఒంటరిగా ఉండనివ్వలేదు.

ఓ అల్లాహ్! పరదేశంలో ఉన్న మా బిడ్డలను నీ సంరక్షణలో ఉంచు. వారి సంపాదనను ధర్మసమ్మతం చెయ్యి, వారి రాత్రులను పాపం నుంచి కాపాడు. వారి కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు సహనం ప్రసాదించు. అక్కడే కన్నుమూసిన కార్మికులను కరుణించు. సోదరుని గుమ్మం దగ్గర మెలకువగా ఉండే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.