జాతి పిలుస్తోందంటే, ఏ జాతి అని అడుగుదాం

(బిచ్కుంద సభలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధమొస్తే ఒక కొత్త నాయకుడు లేస్తడు. జాతి ప్రమాదంలో ఉంది, అందరూ కదలండి అంటడు. ఆ పిలుపు మాల మాదిగ వాడల దాకా వస్తుంది. మామూలు రోజుల్లో బావి దగ్గరికి రానియ్యనోళ్లకు ఆ రోజు మనం అన్నదమ్ములమైతం. ఇది ఎక్కడో జరిగిన ముచ్చట కాదు. మన గడ్డ మీద జరిగింది.

1947లో ఇంగ్లీషోడు పోయిండు. హైదరాబాద్ స్వతంత్రంగా ఉంటదని నిజాం అన్నడు. లాతూర్ వకీలు కాసిం రజ్వీ అంతకుముందు ఏడే, 1946లో, ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యిండు. రజాకార్ దళాలను పెంచిండు. ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫియా జెండా ఎగరేస్తమని సభల్లో గర్జించేవాడని చెప్తరు. 1947 చివర్లో మీర్ లాయక్ అలీ ప్రధానమంత్రి అయ్యిండు.

మనోళ్లకూ పిలుపొచ్చింది. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో చేరిండు. దళితుల చదువు కోసం నిజాం సర్కారు కోటి రూపాయల నిధి పెట్టింది. బి. శ్యాంసుందర్ 1948లో ఐక్యరాజ్యసమితికి పోయిన హైదరాబాద్ బృందంలో సభ్యుడు. వాళ్లను ద్రోహులని తేలిగ్గా అనేటోళ్లున్నరు. మేము అనం. దొర గడిలో తరతరాలుగా వెట్టి చేసినోడికి, ఆ దొరా నువ్వూ ఒక్కటే జాతి అంటే నమ్మకం ఎట్ల కుదురుతది?

కాని ఇంకో మాట కూడా చెప్పుకోవాలె. ఆ గడికి అండ ఎవరు? అదే నిజాం సర్కారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి మీద పడి జనాన్ని చంపిన రజాకార్లు పేదల పక్షమెట్లయితరు? బాబాసాహెబ్ ఇది ముందే చూసిండు. నిజాం పక్షాన నిలబడి మనవాళ్లకు మచ్చ తేవద్దని 1947 నవంబర్‌లోనే ప్రకటన చేసిండు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయిండు. యుద్ధం ఐదు రోజుల్లో ఒడిసింది.

తర్వాత ఎవరికేమైంది? నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యిండు. లాయక్ అలీ అదే ఏడు కాపలా తప్పించుకొని పాకిస్తాన్ పోయిండు. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి, విడుదలై ఆయనా పాకిస్తానే పోయిండు. ఊళ్లల్లో మిగిలినోళ్లకు పోయే చోటేది? సైన్యం వచ్చినంక జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటరని సుందర్‌లాల్ కమిటీ అంచనా. చచ్చినోళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. మన బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా ఆ నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోనే ఉండె. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు.

మరి గెలిచినోళ్ల దిక్కున్న మనకేమొచ్చింది? 1949లో జాగీర్లు రద్దయినయి. కాని భూమి మాల మాదిగల చేతికి రాలే. గడిల ఉన్న దొర టోపీ మార్చి మళ్లీ ఓట్లడగొచ్చిండు. గెలిచిన జాతిలోనూ ఓడిన జాతిలోనూ మనం పాలేర్లమే!

అందుకే చెప్తున్నం. జాతి పిలుస్తోందని ఎవడన్నా మైకు పట్టుకుంటే, మూడు ప్రశ్నలడుగుదాం. ఆ జాతిలో మా భూమెంత? మా పిల్లల చదువెంత? యుద్ధం అయిపోయినంక మా మాటకు విలువెంత? జవాబు చెప్పనోడి జెండా మొయ్యొద్దు. వాడి మాట విని పక్క గల్లీ ముస్లిం మీద రాయి ఎత్తొద్దు. అతనూ మనలెక్కనే కూలోడు.

ఈ ప్రశ్నలు మన నాయకులను కూడా అడగాలె. రాజకీయాల్లో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి అని అంబేద్కర్ 1949 నవంబర్‌లో రాజ్యాంగ సభలోనే హెచ్చరించిండు. మనకు కావలసింది దేవుడు కాదు, లెక్క చెప్పే నాయకుడు.

జై భీమ్!