కొండ అడిగే ఇనుము



స్నాతకోత్సవానికి వచ్చిన అతిథులు శిఖరాలు ఎక్కమని చెప్పి వెళ్తుంటారు. నేను వైద్యుణ్ణి. ఎత్తుకు వెళ్తే ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రమే చెప్పగలను. పొద్దున్నే నల్లకుంట నుంచి విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా పరుగెత్తుకొచ్చి, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు మోకాళ్ల మీద చేతులానించి వగర్చేవాళ్లు మీలో ఉంటే, వాళ్లకి నా మాటలు ఇంకాస్త త్వరగా అందుతాయి.

మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. పరుగు శిక్షణలో ఇది ఎత్తు కిందకి రాదు. అరకులో చలి ఉంది గానీ మన ఒంటిని కంగారుపెట్టేంత ఎత్తు లేదు. అందుకే మన క్రీడాకారులు ఊటీకో, హిమాచల్‌లోని శిలారూకో వెళ్తారు. పాకాల అమ్మాయి మలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్నా, పలచని గాలి కోసం డార్జిలింగ్, లద్దాఖ్ వెళ్లక తప్పలేదు.

పలచని గాలి అంటే ఆక్సిజన్ వాటా తగ్గిన గాలి అనుకుంటారు. వాటా ఎక్కడైనా నూటికి ఇరవయ్యొక్క పాళ్లే. తగ్గేది ఒత్తిడి. 2,500 మీటర్ల దగ్గర అది సముద్రతీరంలో ఉన్నదాంట్లో ముప్పావు వంతే. దానితో ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ చాలినంత ఎక్కదు. ఈ సంగతి లోకానికి మొహం మీద కొట్టినట్టు తెలిసింది 1968లో, 2,240 మీటర్ల ఎత్తున జరిగిన మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో. 10,000 మీటర్ల ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39 సెకన్లు ఉండగా, అక్కడ గెలిచినవాడికే 29 నిమిషాల 27 సెకన్లు పట్టింది. ఆ రికార్డు సొంతదారు రాన్ క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి గీత దాటగానే కుప్పకూలాడు. మొదటి రెండు పతకాలు కెన్యా, ఇథియోపియా వాళ్లవి, ఇద్దరూ ఎత్తైన నేలల మనుషులే.

కొండ మీద మొదటి రోజుల్లో ఊపిరి వేగం పెరుగుతుంది, నిద్ర సరిగా పట్టదు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ పెరిగి కనిపిస్తుంది. కోచ్ సంబరపడతాడు. తొందరపడకూడదు. పులుసు మరిగి చిక్కబడ్డట్టు, రక్తంలో నీటి భాగం తగ్గిందంతే. అసలు పని కిడ్నీల్లో మొదలవుతుంది. ఆక్సిజన్ కొరతను పసిగట్టి అవి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది ఎముక మజ్జకి చేరి కొత్త ఎర్ర కణాలను తయారు చేయిస్తుంది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో విప్పిచెప్పినందుకే 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. హార్మోన్ కొన్ని గంటల్లోనే పెరుగుతుంది గానీ కణాలు పెరగడానికి వారాలు కావాలి. నూరు గంటలు కొండ మీద ఉంటే హిమోగ్లోబిన్ మొత్తం సుమారు ఒక శాతం పెరుగుతుందని లెక్క. కిందికి దిగాక ఆ లాభం కొన్ని వారాల్లో కరిగిపోతుంది.

ఇంకో చిక్కుంది. పైన గట్టిగా పరుగెత్తలేరు, కాళ్లు మందగిస్తాయి. అందుకని 1997లో అమెరికాలో లెవిన్, స్ట్రే-గండర్సన్ అనే పరిశోధకులు ఒక ఉపాయం పరీక్షించారు: 2,500 మీటర్ల దగ్గర కాపురం, 1,250 దగ్గర సాధన. అలా నాలుగు వారాలున్నవాళ్లకి అయిదు కిలోమీటర్ల పరుగులో సగటున 13 సెకన్లు కలిసొచ్చాయి. సగటున అన్నాను. కొందరికి ఏమీ కలిసిరాలేదు. దానికి ఒక కారణాన్ని ఆ ఇద్దరూ ఉన్న బృందం 1992లోనే చూపించింది: ఒంట్లో ఇనుము నిల్వలు లేని పరుగువాళ్లకి కొండ మీద ఎర్ర కణాలు పెరగలేదు. ఎంత ఎరిత్రోపోయిటిన్ వచ్చినా, ఇనుము లేకుండా హిమోగ్లోబిన్ కట్టడం మజ్జకి చేతకాదు. ఎర్ర కణాలు తయారవడానికి ఫోలిక్ ఆమ్లం కూడా కావాలి. దాన్ని 1940లలో కృత్రిమంగా తయారు చేసిన బృందాన్ని నడిపించినవాడు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు.

ఇనుము మాట వస్తే నాకు తార్నాక గుర్తొస్తుంది. అక్కడ, మీ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మీ విశ్వవిద్యాలయంతో పాటు 1918లోనే పుట్టింది, కానీ నీలగిరుల్లోని కూనూరులో. 1958లో కొండ దిగి మనూరు వచ్చింది. అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపిన ఉప్పును తయారు చేసింది వాళ్లే. అంత పని జరిగినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. నాకు కోపం తెప్పించే అంకె ఇది. ఆడపిల్లకి మంచి బూట్లు కొనిచ్చి, కొండ మీది శిబిరానికి డబ్బు కట్టి, ఆమె రక్తంలో ఇనుమెంతో చూడని కోచ్‌లున్నారు. ఫలితం రాకపోతే పిల్లలో పట్టుదల లేదంటారు.

మీలో ఎవరైనా వచ్చే వేసవిలో ఊటీ వెళ్లాలనుకుంటే, రైలు టికెట్టు కంటే ముందు, ఒంట్లో ఇనుము నిల్వలెంతో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకోండి. తక్కువ వస్తే డాక్టరుకి చూపించి, మాత్రలు వాడి, నిల్వలు నిండాకే బయల్దేరండి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఉసిరికాయ, నిమ్మకాయ పట్టనిస్తాయి. మీలో వ్యాయామ విద్య చదివినవాళ్లు రేపు బడుల్లో పిల్లల్ని పరుగెత్తిస్తారు. అక్కడ మీ చేతిలో స్టాప్‌వాచ్ ఒక్కటే ఉంటే చాలదు.