జబ్బు రాకముందే ఆపరేషనా?



ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి ఆపరేషన్ ఎందుకు? 2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ, క్యాన్సర్ రాకుండానే రెండు రొమ్ములూ తీయించుకున్నానని పత్రికలో రాసినప్పుడు చాలామంది ఇదే అడిగారు. ఆమె తల్లి 56 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయారు. బీఆర్‌సీఏ-1 అనే జన్యువులో లోపం తనకూ వచ్చిందని కూతురికి పరీక్షలో తేలింది.

ఈ జన్యువు మనందరిలోనూ ఉంటుంది. కణంలో డీఎన్ఏ దెబ్బతింటే బాగుచేయడం దాని పని. బీఆర్‌సీఏ-2 అని ఇంకొకటి ఉంది, దాని పనీ అదే. వీటిలో ఒకదానిలో లోపంతో పుట్టిన స్త్రీకి 80 ఏళ్ళు నిండేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. అంటే పదిమందిలో ముగ్గురికి రాదు. ఆ ముగ్గురెవరో ముందే చెప్పే పరీక్ష లేదు. చిక్కంతా అక్కడే.

రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కాబట్టి ఖాలాకు వచ్చిందని ఇంట్లో అందరూ భయపడనక్కర్లేదు. చిన్న వయసులో రావడం, ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి రావడం, అండాశయ క్యాన్సర్ కూడా ఉండటం చూస్తే అనుమానించాలి. మనం నానీ వైపే ఆరా తీస్తాం. దాదీ, ఫుప్పీల సంగతి అడగం. తండ్రిలో లోపం ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. పైగా సంబంధాలు తప్పిపోతాయని ఈ మాటే దాస్తారు!

పరీక్ష వీలైతే ముందు జబ్బుపడిన మనిషికి చేయాలి. ఆమెలో లోపం దొరికితే అక్కచెల్లెళ్ళకు, కూతుళ్ళకు ఆ ఒక్కదాని కోసమే వెతికితే చాలు.

రొమ్ములు తీయించుకుంటే ముప్పు 90 శాతం దాకా తగ్గుతుంది, పూర్తిగా పోదు. అక్కడ స్పర్శ పోతుంది. ఇక బిడ్డకు పాలివ్వడం ఉండదు. ఆపరేషన్ వద్దనుకుంటే 25 ఏళ్ళ నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి దానితో పాటు మామోగ్రామ్ తీయించుకోవచ్చు. వీటితో క్యాన్సర్ రాకుండా ఆగదు, వస్తే తొందరగా దొరుకుతుంది. ఏటా తప్పకుండా వెళ్ళగలిగితే ఇదీ మంచి దారేనని నా అభిప్రాయం.

అండాశయాల సంగతి వేరు. వాటిలో క్యాన్సర్‌ను తొలిదశలో నమ్మకంగా పట్టే పరీక్ష లేదు. అందుకే కాన్పులు అయిపోయాక, బీఆర్‌సీఏ-1 లోపమైతే 35-40 ఏళ్ళ మధ్య, బీఆర్‌సీఏ-2 అయితే 40-45 మధ్య, అండాశయాలూ గర్భనాళాలూ తీయించుకోమంటాం. నెలసరి అప్పుడే ఆగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు బలహీనపడటం ఉంటాయి. అయినా ఇక్కడ ఆపరేషన్ వైపే నేను గట్టిగా మొగ్గుతాను.

భర్త, అత్తగారు ఆమె పక్కన కూర్చుని అన్నీ వినవచ్చు. జవాబు మాత్రం ఆమే చెప్పాలి. డబ్బు లేక ఒక దారి మూసుకుపోతే అది ఆమె ఎంచుకున్నట్టు కాదు.

కీమోకు అర్జీ వస్తే మీరు వెంటనే చెక్కు రాస్తారు. జబ్బే లేని అమ్మాయి ఎమ్మారై కోసం అర్జీ పెట్టుకుంటే దాన్నీ తీసుకోండి. ఆ అర్జీ మళ్ళీ వచ్చే ఏడాదీ వస్తుంది, ఆపై ఏడాదీ వస్తుంది.