జవాబు సరే, ఎట్లొచ్చింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కొత్త టెక్నాలజీ వచ్చాక విశ్వవిద్యాలయాల్లో చదువు, పరిశోధన ఎట్లా మారుతున్నాయో చెప్పమని మన సంఘం వాళ్లు అడిగారు. నేను ప్రొఫెసర్‌ని కాను. ముప్ఫై ఏళ్లుగా చెరువులు, కాలువల పనులు చూస్తున్న సివిల్ ఇంజనీరును. అప్పుడప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలకు ప్రాజెక్టు వైవాలు తీసుకోవడానికి పోతుంటాను. అక్కడ చూసిందే చెబుతాను.

మొన్నామధ్య ఒక కాలేజీలో నలుగురు పిల్లలు మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద ప్రాజెక్టు చేశారు. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. మనమంతా ఆ కట్ట మీద ఆడుకుని పెరిగినవాళ్లమే. నాకు ఎంతో సంతోషమైంది. రిపోర్టు ఎనభై పేజీలుంది. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. మ్యాపులు, గ్రాఫులు అద్దంలా ఉన్నాయి. వరద ఎంత రావచ్చో లెక్కగట్టడానికి రైవ్స్ సూత్రం వాడారు. ఎంత విస్తీర్ణంలో పడిన వాన చెరువులోకి పారుతుందో చూసి, దాన్నిబట్టి వరదను అంచనా వేసే పాత సూత్రం అది. అందులో ప్రాంతాన్ని బట్టి మారే ఒక గుణకం ఉంటుంది. పిల్లలు అక్కడ 6.8 వేశారు.

"అమ్మా, బాబూ, మన చెరువుకు సముద్రం ఎంత దూరం?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

6.8 అనేది తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు వాడే అంకె. మన దగ్గర్నుంచి సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైనే. గుణకం తక్కువ వేస్తే లెక్కలో వరద తగ్గుతుంది. ఆ లెక్క నమ్మి మత్తడి కడితే చిన్నదవుతుంది. పెద్దవాన పడిన రాత్రి నీళ్లు మత్తడి దుంకడంతో ఆగవు, కట్ట మీది నుంచి పొర్లుతాయి. కట్ట కింద పొలాలున్నాయి, మనుషులున్నారు.

"ఈ అంకె ఎట్లొచ్చింది?" అని మళ్లీ అడిగాను. ఒక అమ్మాయి ఉన్నమాట చెప్పింది: "చాట్‌జీపీటీ ఇచ్చింది సార్. మేం సరిచూసుకోలేదు."

నాకు కోపం రాలేదు. సీనియర్ల రికార్డులు ముందు పెట్టుకుని రాత్రికి రాత్రి దింపిన బ్యాచ్ మాది. కాపీ కొత్త కాదు. కాకపోతే మా కాపీ కాపీలాగే కనిపించేది. సీనియర్ చేసిన తప్పు మా రికార్డులోనూ ఉండేది, సారు పట్టేసేవారు. ఇప్పుడు తప్పు కూడా ఇస్త్రీ బట్టలేసుకుని ఒప్పులాగా వస్తోంది. దాన్ని పట్టుకోవడం పిల్లలకే కాదు, మాకూ కష్టంగానే ఉంది.

అట్లాగని ఈ టెక్నాలజీని తిట్టడానికి రాలేదు. ఈ బడిలో తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో చేరినప్పుడు మొదటి ఏడాది పాఠాలు నాకు సగం అర్థం కాలేదు. డౌటు ఉన్నా ఇంగ్లీషులో అడగడం రాక నోరు మూసుకుని కూర్చున్నాను. రెండు సబ్జెక్టులు పోయాయి. ఇవాళ నాలాంటి పిల్లవాడు రాత్రి పన్నెండింటికి ఫోన్లో తెలుగులో అడగొచ్చు. పదిసార్లు అడిగినా ఎవరూ నవ్వరు. 2003లో మొదలైన ఎన్‌పీటెల్‌తో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఇంట్లో కూర్చుని ఉచితంగా వినొచ్చు. ల్యాబులో పరికరాలు లేకపోతే వర్చువల్ ల్యాబ్స్‌లో ప్రయోగం చేసి చూడొచ్చు. ఆ పనిలో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాత్ర కూడా ఉంది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ 2019లోనే కృత్రిమ మేధలో బీటెక్ మొదలుపెట్టింది.

పరిశోధనలో మార్పు ఇంకా పెద్దది. నా ఎంటెక్ రోజుల్లో ఒక విదేశీ పత్రికలోని వ్యాసం కోసం ఉత్తరం రాస్తే జిరాక్స్ కాపీ చేతికొచ్చేసరికి రెండు నెలలు పట్టింది. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విద్యార్థులు వేలాది అంతర్జాతీయ పత్రికలు చదువుకోవచ్చు. చెరువు శిఖం ఎంత మిగిలిందో చూడాలంటే హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ తయారు చేసిన 'భువన్'లో ఉపగ్రహ చిత్రాలున్నాయి.

2024లో రసాయన శాస్త్రం నోబెల్‌లో సగభాగం ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ వ్యవస్థను తయారు చేసిన హసాబిస్, జంపర్‌లకు వచ్చింది. ఒక్క ప్రొటీను రూపం తెలుసుకోవడానికి ఏళ్లు పట్టే చోట, అది కొద్దిసేపట్లో అంచనా వేస్తుంది. కానీ శాస్త్రవేత్తలు దాన్ని ఊరికే నమ్మలేదు. ప్రయోగశాలల్లో తేల్చి, ఇంకా బయటపెట్టని రూపాలతో దాని అంచనాలను పోల్చి చూశాకే నమ్మారు. అంటే నోబెల్ స్థాయిలోనూ అడిగింది అదే ప్రశ్న. ఈ జవాబు నిజమని ఎట్లా తెలుసు?

ఆ ప్రశ్న నేను మొదట విన్నది విశ్వవిద్యాలయంలో కాదు, ఈ బడిలోనే. మన లెక్కల సారు జవాబు రైటైనా ఊరుకునేవారు కాదు. "జవాబు సరేరా, ఎట్లొచ్చింది? బోర్డు మీద చెయ్యి" అనేవారు. చాక్‌పీసు పట్టుకుని వణికిన చేతులు ఈ హాల్లో చాలా ఉన్నాయి.

ఇవాళ జవాబు ఇవ్వడానికి యంత్రముంది. ఎట్లొచ్చిందని అడగడానికి మనిషి కావాలి. అరవై మంది క్లాసులో ఒక్కొక్కరిని పది నిమిషాలు అడిగితే పది గంటలవుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల పోస్టులు ఏళ్లుగా ఖాళీగా ఉంటే ఆ పది గంటలు ఎవరివ్వాలి? టెక్నాలజీ వచ్చింది కదా, అధ్యాపకులు తక్కువైనా నడుస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. టెక్నాలజీ వచ్చినందుకే ఎక్కువ మంది కావాలి. రికార్డుకు వేసే మార్కులు తగ్గించి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నకు పెంచాలి.

ఆ నలుగురు పిల్లలు తర్వాతి వారం ఫోన్ చేశారు. ఆదివారం పొద్దున కట్ట మీద కలిశాం. టేపు పట్టుకుని మత్తడి పొడవు కొలిచారు. గట్టు మీదున్న ఒక ముసలి రైతును, వరద ఎక్కడి దాకా వచ్చేదని అడిగి రాసుకున్నారు. లెక్క మళ్లీ చేశారు. ఈసారి ప్రతి అంకె ఎక్కడిదో చెప్పగలిగారు. మ్యాపులు గీయడానికి మాత్రం మళ్లీ కంప్యూటరునే వాడారు. వాడాలి కూడా.

పూర్వ విద్యార్థులకు నాదొక మనవి. మనలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, వ్యవసాయం చేసేవాళ్లున్నారు. ఈ బడి నుంచి కాలేజీలకు పోయిన పిల్లల కోసం ఏడాదికి రెండు ఆదివారాలు ఇద్దాం. పాఠం చెప్పనక్కర్లేదు, అది వాళ్ల ఫోన్లోనే ఉంది. వాళ్లు చేసింది చూసి, మన సారు అడిగిన ప్రశ్న అడుగుదాం. మొదటి ఆదివారానికి నా పేరు రాసుకోండి.