ఇంటి కప్పు ఎవరి చేత వేయించుకోవాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిల్లల చదువుల గురించి మాట్లాడమన్నారు. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మనిషిని గనుక నాకు తగిన విషయమే. అయితే ఈ ఏడు మన సభ్యుల్లో చాలామంది పాత కప్పు తీసేసి స్లాబు వేయించుకోవాలని చూస్తున్నారు. ఏ మేస్త్రిని పెట్టుకోవాలి, ఏ కంట్రాక్టరును నమ్మాలి అని నలుగురైదుగురు నన్ను అడిగారు కూడా. నన్నే ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. ఈ విషయంలో బాగా దెబ్బ తిన్నవాణ్ని నేనే గనుక! అందుచేత చదువుల సంగతి మరో ఏటికి వాయిదా వేసి, నా దెబ్బ సంగతే మీ ముందు పెడుతున్నాను.

మా అబ్బాజాన్ కట్టించిన ఇల్లు కర్నూలు పాతబస్తీలో మట్టి మిద్దె. దూలాలు, వాటిపైన దంతెలు, ఆపైన మట్టి. మిద్దె బతకాలంటే ఏటా వానలకు ముందు పైన చౌడు పరచాలి. ఆ పనికి ఒక పెద్దాయన ప్రతి ఏడూ వచ్చేవాడు. పిలవకపోయినా వచ్చేవాడు. కిందటేడు ఎక్కడ కురిసిందో అడిగి, అక్కడ రెండు గంపలు ఎక్కువ వేసేవాడు. ఆయనతో మా అబ్బా ఏ కాగితమూ రాసుకోలేదు. అవసరం రాలేదు. పని చెడిపోతే మరుసటేడు అదే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాల్సింది ఆయనే గదా!

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చిన నీళ్లు మీలో చాలామంది చూసినవే. మా మిద్దె గోడలు నాని కూలిపోయాయి. రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి, 2011లో అదే జాగాలో 500 చదరపు అడుగుల స్లాబు ఇల్లు మొదలుపెట్టాను. కంట్రాక్టరు మనవాడే, మన మొహల్లావాడే. పేరు చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. సామాను, కూలీ అంతా ఆయనదే, చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకున్నాం. నేను ఒక తెల్ల కాగితం తీస్తే ఆయన నవ్వి, "మాస్టర్ సాబ్, మన మధ్య కాగితాలేంది? జుబాన్ చాలదా?" అన్నాడు. నాకు సిగ్గనిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ మడతలోనే నా ఇల్లు కురవడం మొదలైందని ఇప్పుడు అనుకుంటూ ఉంటాను.

స్లాబు పోసిన రోజు నేను బిర్యానీ వండించే హడావిడిలో ఉన్నాను. ఐదో రోజున కింద పోట్లు తీసేశారు. సెంట్రింగు సామాను ఇంకో ఇంటికి కావాలన్నారు. పైన నీళ్లు నాలుగు రోజులు కట్టి మానేశారు. నేను అడగలేదు. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటం!

మొదటి వానకే వంటింటి మూల చెమ్మ వచ్చింది. రెండో ఏడు మూడుచోట్ల బకెట్లు పెట్టాం. అప్పుడు మా అమ్మీ ఒక మాట అన్నది: "ఖాళీ సిమెంటు బస్తాలు నేను దాచినా కదరా, లెక్కపెట్టు." పని చేసేవాళ్లను అడిగి అన్నీ మడిచి అటక మీద పెట్టిందట. దించి లెక్కపెడితే స్లాబుకు వాడినవి 34.

అప్పుడు నేను చేసిన లెక్క మీకు చెప్తాను. నేను ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు నిస్బత్, తనాసుబ్ పాఠం చెప్తాను. తెలుగు మీడియంవారు నిష్పత్తి, అనుపాతం అంటారు. 500 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో పోస్తే 208 ఘనపుటడుగుల కాంక్రీటు. అంత తడి కాంక్రీటు కావాలంటే పొడి సరుకు ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువ, అంటే సుమారు 320 ఘనపుటడుగులు పడుతుంది. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు, మొత్తం ఐదున్నర పాళ్లు. 320ని ఐదున్నరతో భాగిస్తే సిమెంటు 58 ఘనపుటడుగులు. 50 కిలోల బస్తా ఇంచుమించు ఒకటింబావు ఘనపుటడుగు. కాబట్టి దూలాల లెక్క వేరే పెట్టుకుని, ఒక్క స్లాబుకే సుమారు 47 బస్తాలు కావాలి. పూర్వం వాడిన 1:2:4 పాళ్లకయినా 37 బస్తాలు పడతాయి. నా ఇంటి మీద పడింది 34! ఊళ్లో పిల్లలందరికీ నేర్పే లెక్క నా ఇంటికి నేను చేసుకోలేదు.

2016లో ఒక రాత్రి ముందు గదిలో పైనుంచి పెచ్చు ఊడి మా అమ్మీ మంచం మీద పడింది. ఆమె అప్పుడే వజూకని లేచి బయటికి వెళ్లింది. లేకపోతే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఇంజనీరును పిలిస్తే చూసి చెప్పాడు: కమ్మీల కింద బిళ్లలు పెట్టకుండానే కాంక్రీటు పోశారు, కమ్మీ సెంట్రింగు పలకకే ఆనుకుని ఉండిపోయింది, నీరు తగిలి తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సగం స్లాబు కొట్టించి మళ్లీ వేయించాను. ఇంట్లోని బంగారం బ్యాంకుకు వెళ్లింది.

ఆ రెండోసారి పెట్టుకున్నది ఒక బేల్దారి కుర్రవాణ్ని. ఈసారి కాగితం నేను తియ్యకముందే అతనే తీశాడు. నేను ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే మా బావమరిది నన్ను గిల్లాడు. ఆ అబ్బాయి మాత్రం, "అడగనీయండి అన్నా. అడగనోళ్లే పని అయినాక ఊరంతా చెప్పుకుంటారు" అన్నాడు. నమ్మదగినవాడెవడని నన్నడిగితే నా జవాబు ఇదే: లెక్క అడిగితే కోపం తెచ్చుకోనివాడు.

ఇక మీకు పనికొచ్చే నాలుగు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, మనిషిని చూడ్డం కాదు, అతను వేసిన కప్పులు చూడండి. మొన్న వేసింది కాదు, మూడు నాలుగేళ్ల కిందట వేసింది. అదీ వానాకాలంలో వెళ్లి చూడాలి. మీతో ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకెళ్లండి. మగవాళ్లను అడిగితే "బాగానే ఉంది భాయ్" అంటారు. ఏ మూల బకెట్ పెడతారో ఆడవాళ్లకు తెలుసు.

రెండవది, కాగితం. స్లాబు మందం ఎంత, పాళ్లు ఏవి, సిమెంటు ఎన్ని బస్తాలు, కమ్మీ ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత ఎడంలో కట్టాలి, పోట్లు ఎన్నాళ్లకు తియ్యాలి, నీళ్లు ఎన్నాళ్లు కట్టాలి, కురిస్తే ఎవరు బాగుచెయ్యాలి - ఇవన్నీ రాసి, ఇద్దరూ సంతకం చేసి, సాక్షుల్ని పెట్టుకోవాలి. కమ్మీల లెక్క మేస్త్రి నోటితో కాదు, ఇంజనీరు గీసిన డ్రాయింగుతో ఉండాలి. మనవాళ్ల మధ్య రాతకోతలు అమర్యాద అనుకునేవారికి ఒక్క మాట. ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయతు, బఖరా సూరాలో 282వది, అప్పు లావాదేవీలు రాసుకోవడం గురించీ, సాక్షుల గురించీ చెప్పేదే. రాసుకోవడం నమ్మకం లేక కాదు, నమ్మకం నిలబడ్డానికి.

మూడవది, స్లాబు రోజున బిర్యానీ బాధ్యత ఇంకొకరికి అప్పగించండి. మీరు మిల్లరు దగ్గర నిలబడండి. ముందురోజే బస్తాల మీద తయారైన వారం, సంవత్సరం చూసుకోండి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. కమ్మీ తూకం చూసే ఉపాయం ఒకటుంది. మిల్లీమీటర్లను అదే సంఖ్యతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 8 మి.మీ. కమ్మీకి 64ను 162తో భాగించండి, 0.395. అంటే 12 మీటర్ల కమ్మీ సుమారు నాలుగుంముప్పావు కిలోలు తూగాలి. మరీ తక్కువ తూగితే వెనక్కి పంపండి. కమ్మీల కింద ముప్పావు అంగుళం బిళ్లలు పెట్టారో లేదో వంగి చూడండి. బస్తాకు 25 నుంచి 27 లీటర్ల నీళ్లు చాలు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పలచగా ఉంటే పోసేవాళ్లకు సులువు గనుక కూలీలు ఎక్కువ పొయ్యాలని చూస్తారు. ఆ ఎక్కువ నీళ్లు ఆరిపోయాక వాటి చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాన దిగేది ఆ దారినే. వైబ్రేటరు లేకుండా స్లాబు పొయ్యనివ్వకండి.

పోసిన మర్నాటినుంచి మడులు కట్టి నీళ్లు నిలపాలి. కనీసం పది రోజులు, మన కర్నూలు ఎండలకు పద్నాలుగు రోజులు. పోట్లు పద్నాలుగు రోజులకు ముందు తియ్యనివ్వకండి. గది పెద్దదైతే ఇంజనీరు చెప్పినన్నాళ్లు. పైన గచ్చు వేసేటప్పుడు పది అడుగులకు అంగుళంపైన వాలు ఉండాలి, నీళ్లు గొట్టం వైపు పరుగెత్తాలి. ఆఖరున గొట్టం మూసి ఒక రోజంతా నీళ్లు నిలిపి, కింద గదుల్లో తలెత్తి చూసుకోండి.

నాలుగవది, డబ్బు. అడ్వాన్సు కొద్దిగా ఇవ్వండి. తర్వాత పని ఎంత అయితే అంత. మొత్తంలో పదోవంతు మాత్రం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకుంటానని ముందే కాగితంలో రాయండి. ముందు చెప్పకుండా ఆపితే అది మీరు చేసే అన్యాయం. ఇంకొక మాట: కంట్రాక్టరుతో తగాదా వస్తే కూలీల రోజు కూలి ఆపకండి. సాయంత్రం ఇంటికి బియ్యం తీసుకుపోవాల్సినవాళ్లు వాళ్లు. ఇచ్చిన ప్రతి పైసాకూ తేదీ వేసి సంతకం తీసుకోండి.

ఈ పదోవంతు ఎందుకంటే, మళ్లీ మా మిద్దె పెద్దాయన దగ్గరికే వస్తాను. మట్టి మిద్దెకు మనిషి ఏటా వచ్చేవాడు. స్లాబుకు మనిషి ఒక్కసారే వస్తాడు. పోశాక అతని ముఖం మళ్లీ చూడం. పాతకాలంలో మాట చాలింది నిజమే. కానీ ఆ మాట వెనకాల మరుసటేటి రాక ఉండేది. ఇప్పుడు ఆ రాక లేదు గనుక, దాని స్థానంలో కాగితాన్నీ, మన దగ్గర మిగిలిన పదోవంతునూ పెట్టుకోవాలి. అంతకుమించి ఇందులో అవమానమేమీ లేదు.

నేను దెబ్బ తినడంలో తప్పంతా ఆ కంట్రాక్టరుదే అనను. ఆయన 13 బస్తాలు తగ్గించాడు, నేను నా నోరు తగ్గించుకున్నాను. ఈనాటికీ బజారులో కనిపిస్తే సలాం చెప్పుకుంటాం. కానీ పూర్వం మా మధ్య ఉన్న చనువు లేదు. ఆ రోజు కాగితం రాసుకుని ఉంటే కప్పూ నిలిచేది, స్నేహమూ నిలిచేది.

చివరగా సొసైటీవారికి ఒక విన్నపం. ఆఫీసులో ఒక నోటుబుక్కు పెట్టండి. ఇల్లు కట్టించుకున్న ప్రతి సభ్యుడూ ఎవరి చేత వేయించాడో, ఏ సంవత్సరమో, రెండు వానాకాలాలు గడిచాక కప్పు ఎలా ఉందో అందులో రాయాలి. మంచి పని చేసినవాడి పేరు పదిమందికి తెలుస్తుంది, అతనికి పని దొరుకుతుంది. ముఖ్యంగా మన వితంతు సోదరీమణులు, ఇంట్లో మగదిక్కు లేనివాళ్లు మిల్లరు దగ్గర నిలబడి బస్తాలు లెక్కపెట్టే వీలు లేక ఎక్కువ మోసపోతున్నారు. అటువంటివారి ఇంట స్లాబు పడే రోజున సొసైటీ తరఫున ఒకరు వెళ్లి నిలబడితే బాగుంటుంది. ఆదివారమైతే ఆ మొదటి మనిషిగా నేను వస్తాను. లెక్కలు చెప్పేవాణ్ని, బస్తాలు లెక్కపెట్టడం నాకు వచ్చు. ఆలస్యంగా నేర్చుకున్నాను గానీ, వచ్చు.