నాకు తెలుసు, నాకు గుర్తుంది

(నార్త్ యార్క్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మెదడులో చైతన్యం ఎక్కడినుంచి పుడుతుంది?" అన్న ప్రశ్న మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. ఉపనిషత్తుల కాలం నుంచీ తెగని ప్రశ్నకి ఏకంగా ఇరవై నిమిషాలు కేటాయించిన వారి ఉదారతకి ధన్యవాదాలు. నేను వైద్యుణ్ణి కాను, వేదాంతినీ కాను. ఇంజనీరింగు చదివి, ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ ప్రశ్నకి సంబంధించిన ఒక గొప్ప పరిశోధన ఎక్కడో కాదు, ఈ నార్త్ యార్క్‌లోనే, మనలో చాలామంది కారులో దాటిపోయే బాథర్స్ట్ వీధి పక్కన జరిగింది. అది మన అమ్మానాన్నలకీ, మన పిల్లలకీ కూడా సంబంధించిన విషయం.

ముందు చైతన్యం అంటే ఏమిటో మాటవరసకి ఒక అర్థం చెప్పుకుందాం. ఆపరేషనుకి మత్తుమందు ఇచ్చినప్పుడు పోయేదీ, మెలకువ రాగానే తిరిగి వచ్చేదీ ఏదో అది. మన మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి అని మూడు అవస్థలు చెప్పి, వాటికి అతీతంగా నాలుగోదాన్ని చెప్పింది. అంటే మెలకువ, కల, గాఢనిద్ర ఒకటి కావనీ, వాటిని పోల్చి చూస్తే "నేను" అనేదాని గుట్టు కొంత తెలుస్తుందనీ మనవాళ్ళు ఎప్పుడో గమనించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగానూ ఉపాధ్యక్షుడిగానూ పనిచేసిన కోనేరు రామకృష్ణారావు గారు ఈ భారతీయ దృష్టినీ, పాశ్చాత్య మనస్తత్వశాస్త్రాన్నీ పక్కపక్కన పెట్టి చూడడానికి జీవితంలో పెద్ద భాగం వెచ్చించారు. ఆయన 2021లో కన్నుమూశారు.

ఇక మెదడు సంగతి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని 2009లో లెక్క తేల్చారు. అందులో దాదాపు 6,900 కోట్లు వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. తమాషా ఏమిటంటే ఆ చిన్నమెదడు బాగా దెబ్బతిన్నా నడక తూలుతుంది, మాట తడబడుతుంది గాని, స్పృహ పోదు. మెదడు కాండంలో ఒక చిన్న ముక్క దెబ్బతింటే మాత్రం మనిషి కోమాలోకి వెళ్ళిపోతాడు. కాబట్టి కణాల సంఖ్య ఎక్కువైతే చైతన్యం దానంతటదే పుట్టుకొస్తుందని అనడానికి లేదు. అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయన్నది ముఖ్యం.

ఈ ముడుల్ని విప్పడంలో కెనడాది పెద్ద చెయ్యి. మాంట్రియల్‌లో 1934లో నాడీసంస్థని నెలకొల్పిన డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డ్, మూర్ఛ రోగులకి మెలకువగా ఉండగానే మెదడు ఆపరేషన్లు చేసేవాడు. మెదడుకి నొప్పి తెలియదు కనుక అది సాధ్యం. ఒకచోట సన్నటి విద్యుత్తు తగిలిస్తే రోగి చెయ్యి కదిలేది. "నేను కదపలేదు, మీరే కదిపారు" అన్న ధోరణిలో రోగులు చెప్పేవారు. చెయ్యి కదలడం వేరు, నేను కదిపాను అనిపించడం వేరు! ఇంకొక సంగతి. కళ్ళు తెరిచి ఉన్నా ఏ పలుకూ లేని ఒక రోగిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించమని చెబితే, ఆరోగ్యవంతుల్లో పనిచేసే మెదడు భాగమే ఆమెలోనూ పనిచేసిందని ఏడ్రియన్ ఓవెన్ బృందం 2006లో ప్రకటించింది. ఇంగ్లండులో ఆ పని చేసిన ఓవెన్ తరవాత మన అంటారియోలోని లండన్ ఊరికి, వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. "ఇక లోపల ఎవరూ లేరు" అని తేలిగ్గా తీర్పు చెప్పకూడదని ఆ ప్రయోగం నేర్పింది.

ఇప్పుడు మన బాథర్స్ట్ వీధికి వద్దాం. 1918లో యూదు వృద్ధుల ఆశ్రమంగా మొదలైన సంస్థే నేటి బేక్రెస్ట్ ఆస్పత్రి. అక్కడ 1989లో రాట్‌మన్ పరిశోధనాలయం వెలిసింది. టొరాంటో విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేశాక, 1992లో ఎండెల్ టుల్వింగ్ అక్కడ చేరారు. ఆయన ఎస్టోనియాలో పుట్టి, యుద్ధంలో దేశం వదిలి, 1949లో కెనడా చేరిన వలసదారు. మనవంటివాడే. 2023లో 96 ఏళ్ళ వయసులో చనిపోయారు.

టుల్వింగ్ ఏళ్ళ తరబడి పరిశీలించిన మనిషిని శాస్త్రగ్రంథాల్లో కే.సి. అంటారు. 1981లో, ముప్ఫయ్యేళ్ళ వయసులో, ఆయన మోటార్‌సైకిల్ ప్రమాదానికి గురయ్యారు. మెదడులో రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగాలతో పాటు ఇంకా చాలాచోట్ల దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది. మాట బాగుంది, తెలివి బాగుంది, మర్యాద బాగుంది. చదరంగం ఆడటం తెలుసు. కాని ఒక్క ఆట కూడా, ఎవరితో ఆడాడో, గుర్తులేదు. తనకి కారు ఉందని తెలుసు. అందులో చేసిన ఒక్క ప్రయాణం కూడా గుర్తులేదు. సోదరుడు చనిపోయాడని తెలుసు. ఆ వార్త తనకి ఎవరు చెప్పారో, విన్నప్పుడు తను ఏమైపోయాడో గుర్తులేదు. తన జీవితం గురించిన సమాచారం ఉంది గాని, తను బతికిన ఒక్క క్షణమూ లేదు.

నేను ఇంగ్లీషులో ఈ విషయం చదివినప్పుడు ఎంత బుర్ర గోక్కున్నా స్పష్టపడలేదు. తెలుగులో ఆలోచిస్తే ఒక్కసారిగా తేటపడింది. "తాతగారు 1962లో ఇల్లు కట్టారని నాకు తెలుసు" అంటాం. "గృహప్రవేశం నాడు ఆయన పంచె కొంగున ముడేసి ఇచ్చిన రూపాయి నాకు గుర్తుంది" అంటాం. తెలుసు, గుర్తుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే టుల్వింగ్ జీవితకాల పరిశోధన. మొదటిదానికి నేను అక్కడ ఉండనక్కర్లేదు, పుస్తకంలో చదివినా చాలు. రెండోదానికి నేను అక్కడ ఉండాలి, మళ్ళీ మనసులో అక్కడికి వెళ్ళాలి. ఈ రెండో దానికి కావలసిన ఎరుకని, అంటే కాలంలో వెనక్కీ ముందుకీ తనను తాను చూసుకోగల ఎరుకని, ఆయన 1985లో ఒక ప్రత్యేకమైన చైతన్యంగా గుర్తించి పేరు పెట్టారు.

మన భాషలో ఇంకొక విశేషం ఉంది. "నాకు" తెలుసు, "నాకు" గుర్తుంది, "నాకు" ఆకలేస్తోంది అంటాం. ఇంగ్లీషు వాక్యంలో నేను కర్తని. తెలుగు వాక్యంలో జ్ఞాపకం తనంతట తాను నా దగ్గరికి వస్తుంది. దీనివల్ల శాస్త్రం ఏమీ రుజువు కాదు. కాని అడక్కుండా వచ్చిపడే జ్ఞాపకం స్వభావానికి మన వాక్యం దగ్గరగా ఉందనిపిస్తుంది.

"ముందుకీ" అన్నాను కదా, అది గమనించండి. "రేపు ఏం చేస్తారు?" అని టుల్వింగ్ అడిగితే కే.సి. జవాబు చెప్పలేకపోయాడు. నిన్న ఎలా ఖాళీగా ఉందో, రేపూ అలాగే ఖాళీ. నిన్నటిని తెచ్చుకోవడానికీ, రేపటిని ఊహించుకోవడానికీ మెదడు చాలావరకు ఒకే యంత్రాంగాన్ని వాడుతుందన్నమాట. హిప్పోకాంపస్ దెబ్బతిన్న రోగుల్లో చాలామంది కొత్త దృశ్యాలని ఊహించలేకపోతున్నారని 2007లో లండన్‌లో డెమిస్ హస్సాబిస్ బృందం కూడా చూపించింది. అదే హస్సాబిస్ తరవాత కృత్రిమ మేధ రంగంలో ప్రసిద్ధుడై, 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

కృత్రిమ మేధ అనగానే మా వృత్తివాళ్ళని అందరూ అడిగేది ఒకటే: ఈ మాట్లాడే ప్రోగ్రాములకి చైతన్యం ఉందా? నా సమాధానం ఇది. వాటి దగ్గర "తెలుసు" అనదగ్గ సమాచారం కొండంత ఉంది. "గుర్తుంది" అనడానికి అనుభవించినవాడు ఒకడు ఉండాలి. అటువంటివాడు వాటిలో ఉన్నాడని చెప్పడానికి ఆధారం నాకు కనబడలేదు. అయితే ఉన్నదీ లేనిదీ తేల్చే కొలబద్ద కూడా శాస్త్రం చేతికి ఇంకా రాలేదు. చైతన్యానికి కారణమైన నాడీక్రియ 25 ఏళ్ళలో స్పష్టంగా దొరుకుతుందని క్రిస్టాఫ్ కాక్, దొరకదని డేవిడ్ చామర్స్ 1998లో పందెం వేసుకున్నారు. 2023లో కాక్ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు సమర్పించుకున్నాడు. ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

మరి అన్నీ మరిచిపోయిన మనిషిలో "మనిషి" మిగులుతాడా? ఇది తత్వశాస్త్రం తరగతిలో అడిగే ప్రశ్న కాదు. ఈ హాల్లో కూర్చున్న కొన్ని కుటుంబాల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న. మా అమ్మకి ఇప్పుడు మధ్యాహ్నం ఏం తిన్నదో గుర్తుండదు. నన్ను ఒక్కోసారి "ఏమండీ" అని పిలుస్తుంది, పరాయివాడినన్నట్టు. కాని పప్పులో ఉప్పు తక్కువైతే ఇప్పటికీ కనిపెడుతుంది. నేను దిగులుగా ఉంటే "ఏం, అన్నం తినలేదా?" అంటుంది.

ఇక్కడ కూడా కే.సి. మనకి గురువే. గతం గుర్తులేనివాడు ఎదుటివారి మనసుని ఎలా అర్థం చేసుకోగలడని చాలామంది అనుకునేవారు. బేక్రెస్ట్, యార్క్ పరిశోధకులు 2007లో పరీక్షించి చూస్తే, ఎదుటివారి ఆలోచననీ భావాన్నీ గ్రహించడంలో అతను ఆరోగ్యవంతులకి తీసిపోలేదు. జ్ఞాపకం పోయింది, మనిషి పోలేదు. కే.సి. 2014లో మరణించేదాకా, ముప్ఫై ఏళ్ళకి పైగా, మనిషిగానే బతికాడు.

చివరిగా భాష సంగతి. ఇక్కడి యార్క్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ బియాలిస్టాక్, బేక్రెస్ట్‌కి చెందిన ఫెర్గస్ క్రెయిక్ తదితరులతో కలిసి 2007లో ఒక ఫలితం ప్రకటించారు. మతిమరుపు జబ్బుతో వచ్చినవారిలో, రెండు భాషలు వాడుతూ బతికినవారికి లక్షణాలు సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని. వలస వచ్చినవాళ్ళు కాబట్టి అలా అయిందేమోనన్న అనుమానం మిగిలింది. దానికి జవాబు మన హైదరాబాదు నుంచి వచ్చింది. నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది రోగులని పరిశీలించి, 2013లో నాలుగున్నరేళ్ళ తేడా ఉందని చెప్పింది. తెలుగు, ఉర్దూ, హిందీ సహజంగా కలిసిపోయే ఊరు కనుక అక్కడ వలస ప్రసక్తి లేదు. అక్షరం ముక్క రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. అయితే ఆరోగ్యవంతుల్ని ఏళ్ళపాటు వెంబడించి చూసిన కొన్ని అధ్యయనాల్లో ఈ లాభం కనబడలేదు కాబట్టి, ఇది తేలిన విషయమని నేను అనను. తెలుగు మాట్లాడితే మతిమరుపు రాదని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

పిల్లలకి తెలుగు నేర్పడానికి నా దగ్గర అంతకంటే గట్టి కారణం ఉంది. మతిమరుపు జబ్బులో తరచు, ఆలస్యంగా నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్ననాటి భాష ఎక్కువకాలం నిలుస్తుంది. రేపు మన అమ్మానాన్నలకీ, ఎల్లుండి మనకీ తెలుగు ఒక్కటే మిగిలితే, పక్కన కూర్చున్న మనవడికి ఆ భాష రాకపోతే, లోపల ఉన్న మనిషిని చేరుకోవడానికి దారి ఏది?

అందుకని మూడు పనులు చెయ్యమని మనవి. ఒకటి, పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించేటప్పుడు తెలుగులో చేయమని అడగండి, లేదా దుబాసీని కోరండి. "వెల్వెట్", "డైజీ" వంటి మాటలు గుర్తుంచుకోమంటే, ఎప్పుడూ వినని మాట మరిచిపోవడం జబ్బు కాదు. తెలుగులో జరిపే పరీక్షలు హైదరాబాదు వైద్యుల కృషితో ఇప్పుడు ఉన్నాయి. రెండు, వాళ్ళ కబుర్లు ఫోనులో రికార్డు చెయ్యండి. ఎప్పుడు పుట్టారు, ఎంత జీతం అని కాదు. అవి మనకి "తెలుసు". వాళ్ళకి "గుర్తున్నవి" అడగండి. మూడు, వాళ్ళు మరిచిపోయినప్పుడు "ఇందాకే చెప్పాను కదా" అని విసుక్కోకండి. వాళ్ళకి ఆ ఇందాక లేదు.

చైతన్యం ఎక్కడ పుడుతుందో నేను చెప్పలేకపోయాను. నాకంటే పెద్దవాళ్ళూ చెప్పలేకపోయారు. కాని అది ఎదుటి మనిషిలో ఉందని నమ్మి పలకరించడం మన చేతిలో ఉన్న పని. భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు.